తిష్ఠవేసిన వైరస్ – జంతువుల రక్షణ కణాలు

నిర్వచనం

ఒంట్లోకి చేరిన వైరస్‌ను జంతువు మామూలుగా వారం పది రోజుల్లో వదిలించుకుంటుంది. వదిలించుకోలేకపోతే చనిపోతుంది. పశువుల్లో ఒకప్పుడు వచ్చిన ముసర వ్యాధి, కోళ్లలో వచ్చే కొక్కెర తెగులు ఈ కోవకు చెందినవి. ఈ రెండూ జరగకుండా వైరస్ నెలల తరబడి, ఏళ్ల తరబడి, కొన్నిసార్లు బతికినంత కాలమూ ఒంట్లో ఉండిపోతే దాన్ని దీర్ఘకాలిక వైరస్ సంక్రమణ అంటారు. వాడుకలో చెప్పాలంటే వైరస్ తిష్ఠ వేసింది. అలా వైరస్‌ను మోస్తూ పైకి ఆరోగ్యంగా కనిపించే జంతువును వాహక జంతువు అంటారు.

వైరస్ ఉన్నన్నాళ్లూ టి కణాలు, బి కణాలు, మాక్రోఫేజ్‌లు, డెండ్రిటిక్ కణాలు, న్యూట్రోఫిల్‌లు వంటి రక్షణ కణాలు దాని సమక్షంలోనే పుట్టి, పెరిగి, పనిచేయాలి. కొన్ని చనిపోతాయి కానీ ఎక్కువ భాగం బతికే ఉంటాయి. వాటి స్వభావం మాత్రం మారుతుంది. ఆ మార్పులే ఈ వ్యాసానికి విషయం. ముందు అలాంటి వాహక పశువు ఎదురయ్యే ఒక పేటను చూద్దాం.

వాషర్‌మెన్‌పేట్, ఉత్తర చెన్నై

వాషర్‌మెన్‌పేట్‌ను తమిళంలో వణ్ణారపేట్టై అంటారు. ఈస్టిండియా కంపెనీ వస్త్ర వ్యాపారం సాగిన రోజుల్లో బట్టలు ఉతికి చలువ చేసేవారి పేటగా ఏర్పడింది. తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉంటున్న ఈ ప్రాంతంలో ఇళ్ల మధ్యనే పశువులూ ఉంటాయి. తెల్లవారుజామున సందు మొగలో స్తంభానికి కట్టేసిన ఆవు, పక్కన కుడితి బకెట్టు, గిన్నెలు పట్టుకుని పాలకు నిలబడ్డవాళ్లు పాత ఉత్తర చెన్నైలో ఇప్పటికీ కనిపిస్తారు. ఆ ఆవు మేస్తోంది, నెమరేస్తోంది, పాలిస్తోంది. దాని గొంతు లోపల ఎప్పుడో వచ్చిపోయిన గాలికుంటు వైరస్ ఇంకా ఉందో లేదో కంటితో చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. దీర్ఘకాలిక సంక్రమణను అర్థం చేసుకోవడంలో మొదటి చిక్కు ఇదే.

ఇలాంటి చిక్కులు విప్పే పశువైద్యం నేర్పే చోటూ దగ్గర్లోనే ఉంది. పేటకు కొద్ది మైళ్ల దూరంలోని వేపేరిలో మద్రాసు పశువైద్య కళాశాల ఉంది. అది 1903 అక్టోబరు 1న సైదాపేటలో మొదలై 1905లో వేపేరికి మారింది. 1955లో బాపట్లలో ఆంధ్ర పశువైద్య కళాశాల ఏర్పడేదాకా ఆంధ్ర జిల్లాల విద్యార్థులు పశువైద్యం చదవాలంటే ఇక్కడికే వచ్చేవారు. బాపట్ల కళాశాల 1957లో తిరుపతికి తరలింది. తమిళనాడు పశువైద్య విశ్వవిద్యాలయం 1989లో ఏర్పడింది. దాని ప్రధాన కార్యాలయం, జంతు ఆరోగ్య అధ్యయన కేంద్రం ఉత్తర చెన్నైలోనే, మాధవరం పాల కాలనీలో ఉన్నాయి.

చరిత్ర

తిష్ఠవేసే వైరస్‌ల శాస్త్రం ఒక ఎలుకల బోనులో మొదలైంది. 1930ల నడిమధ్య అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో ఎరిక్ ట్రౌబ్ ప్రయోగశాల చిట్టెలుకలను పరిశీలిస్తుండగా వాటిలో ఒక వైరస్ ఎప్పుడూ తిరుగుతూనే ఉన్నట్టు బయటపడింది. ఇప్పుడు దాన్ని లింఫోసైటిక్ కోరియోమెనింజైటిస్ వైరస్ అంటారు. ఈ వ్యాసంలో ఇకపై దాన్ని ఎల్‌సీఎం అని పిలుద్దాం. పెద్ద ఎలుకకు ఎక్కిస్తే జబ్బు చేసేది. తల్లి కడుపులోనే సోకిన పిల్లలు మాత్రం నిండా వైరస్‌తో పుట్టి, ఏ బాధా లేకుండా పెరిగేవి.

1945లో రే ఓవెన్ ఆవుల్లో ఇంకో వింత చూశాడు. కడుపులో రక్తనాళాలు కలిసిపోయిన కవల దూడలు ఒకదాని రక్తకణాలను మరొకటి జీవితాంతం తనవిగానే భరిస్తున్నాయి. ఈ రెండు పరిశీలనలను పక్కపక్కన పెట్టి మెక్‌ఫార్లేన్ బర్నెట్, ఫ్రాంక్ ఫెన్నర్ 1949లో ఒక సూత్రం ప్రతిపాదించారు: పుట్టకముందు పరిచయమైన దాన్ని రోగనిరోధక వ్యవస్థ పరాయిదిగా గుర్తించదు. దీనికి సహనం అని పేరు. పీటర్ మెడవర్ బృందం దీన్ని ప్రయోగంలో రుజువు చేసింది. బర్నెట్, మెడవర్‌లకు 1960లో నోబెల్ బహుమతి దక్కింది.

ఆ సూత్రం సరైనదే కానీ ఎలుకల వైరస్ విషయంలో పూర్తి నిజం కాదు. వాహక ఎలుకలు యాంటీబాడీలు తయారు చేస్తూనే ఉన్నాయనీ, అవి వైరస్‌తో ముద్దలు కట్టి మూత్రపిండాల్లో పేరుకుంటున్నాయనీ 1960ల చివర మైకేల్ ఓల్డ్‌స్టోన్, ఫ్రాంక్ డిక్సన్ చూపారు. అంటే వ్యవస్థ నిద్రపోలేదు. మేలుకునే ఉంది, వైరస్‌ను తొలగించలేకపోతోంది. ఈలోగా 1954లో ఐస్‌లాండ్‌లో బ్యోర్న్ సిగుర్డ్‌సన్ గొర్రెల జబ్బులను పరిశీలించి, సోకిన ఎన్నో నెలలకు, ఏళ్లకు గానీ లక్షణాలు బయటపడని వైరస్ వ్యాధులు ఉన్నాయని వివరించాడు. 1974లో రోల్ఫ్ జింకర్‌నాగెల్, పీటర్ డోహర్టీ ఇదే ఎల్‌సీఎం వైరస్‌తో టి కణాలు శత్రువును ఎలా గుర్తిస్తాయో కనిపెట్టారు. వారికి 1996లో నోబెల్ వచ్చింది.

తర్వాతి మలుపులో హైదరాబాద్‌కు చెందిన శాస్త్రవేత్త పాత్ర ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో 1968లో బి.ఎస్సీ. పూర్తి చేసి అమెరికా వెళ్లిన రఫీ అహ్మద్ ఓల్డ్‌స్టోన్ బృందంలో పనిచేస్తూ, దీర్ఘకాలంగా వైరస్ మోస్తున్న ఎలుకల ప్లీహం నుంచి వైరస్ రకాలను వేరుచేశారు. 1984లో ప్రచురితమైన ఆ పనిలోంచి వచ్చిందే క్లోన్ 13. దాని మాతృక ఆర్మ్‌స్ట్రాంగ్ రకాన్ని పెద్ద ఎలుకకు ఎక్కిస్తే సుమారు 8 రోజుల్లో టి కణాలు దాన్ని తుడిచేస్తాయి. క్లోన్ 13ను అంతే మోతాదులో ఎక్కిస్తే రక్తంలో నెలల తరబడి ఉంటుంది. రెంటి ప్రొటీన్లలో కీలకమైన తేడా రెండు చోట్ల, ఒక్కో అమైనో ఆమ్లం మాత్రమే. వాటిలో ఒకటి వైరస్‌ను డెండ్రిటిక్ కణాలకు మరింత గట్టిగా అతుక్కునేలా చేస్తుంది. అంత చిన్న తేడా జంతువు రక్షణ వ్యవస్థ గతినే మార్చేస్తుందన్నది ఈ రంగంలో ఇప్పటికీ ఆశ్చర్యం కలిగించే సంగతి. ఒకే జంతువు, ఒకే వైరస్ జాతి, పక్కపక్కన రెండు ముగింపులు దొరకడంతో పరిశోధకులకు చక్కని తూకం చేతికొచ్చింది.

1993లో జింకర్‌నాగెల్ బృందం దీర్ఘకాలిక సంక్రమణలో సంహారక టి కణాలు క్రమంగా మాయమవుతాయని చెప్పింది. 1998లో అహ్మద్ బృందం దాన్ని సవరించింది: కణాలు చాలావరకు బతికే ఉన్నాయి, పని మానేశాయి. 2006లో అదే బృందం ఆ కణాల మీదున్న పీడీ-1 అనే గ్రాహకానికి సంకేతం అందకుండా అడ్డుకుంటే పని తిరిగి మొదలవుతుందని చూపింది. ఆ గ్రాహకాన్ని 1992లో కనిపెట్టిన తాసుకు హొంజోకు 2018లో నోబెల్ దక్కింది. మనుషుల క్యాన్సర్ చికిత్సలో నేడు వాడే ఒక పెద్ద మందుల తరగతికి ఈ ఎలుకల పని ఒక పునాది.

రకాలు

దీర్ఘకాలిక సంక్రమణలను స్థూలంగా నాలుగు విధాలుగా చూస్తారు. గుప్త సంక్రమణలో వైరస్ జన్యుపదార్థం కణంలో దాగి ఉంటుంది, కొత్త వైరస్‌లు పుట్టవు, శరీరం బలహీనపడితే లేస్తాయి (చూ. హెర్పిస్ వైరస్‌లు). నిరంతర సంక్రమణలో వైరస్ ఆగకుండా పుడుతూనే ఉంటుంది. మందగతి సంక్రమణలో లక్షణాలకు ఏళ్లు పడతాయి (చూ. లెంటివైరస్‌లు). సహన సంక్రమణలో పుట్టకముందే సోకిన వైరస్‌ను శరీరం తనదిగా భావిస్తుంది. ఈ గీతలు పుస్తకాల్లో ఉన్నంత స్పష్టంగా కొట్టంలో ఉండవు. ఒకే పశువులో రెండు మూడు కలిసి ఉండవచ్చు.

కణాల పనితీరులో మార్పులు

సంహారక టి కణాలు. సీడీ8 టి కణాలు అనే వీటి మార్పే అన్నిటికంటే లోతుగా తెలిసింది. దీనికి టి కణాల అలసట అని పేరు. వైరస్ తొలగిపోయే సంక్రమణలో ఈ కణాలు వేగంగా పెరిగి, సోకిన కణాలను చంపి, తర్వాత చాలావరకు నశిస్తాయి. మిగిలిన కొన్ని జ్ఞాపక కణాలై ఏళ్లపాటు ఉంటాయి. వైరస్ తొలగనప్పుడు ఈ కథ మధ్యలోనే ఆగుతుంది. కణాలు శక్తులను ఒకదాని వెంట ఒకటి పోగొట్టుకుంటాయి. ఇంటర్‌ల్యూకిన్-2 తయారీ, విభజన సామర్థ్యం, చంపే శక్తి ముందు తగ్గుతాయి. తర్వాత ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్, చివరికి ఇంటర్‌ఫెరాన్-గామా. ఇంకా ఒత్తిడి ఉంటే కణమే నశిస్తుంది. వైరస్ ఎంత ఎక్కువగా, ఎంత కాలం ఎదురుగా ఉంటే ఈ జారుడు అంత దూరం వెళ్తుంది.

ఈ కణాల పైపొర మీద పీడీ-1, లాగ్-3, టిమ్-3 వంటి కళ్లెం గ్రాహకాలు గుంపుగా చేరతాయి. లోపల టాక్స్ అనే ప్రొటీన్ ఏ జన్యువులు పనిచేయాలో, ఏవి మూతపడాలో కొత్తగా తిరగరాస్తుంది. 2019లో పలు బృందాలు ఒకేసారి ఈ సంగతి బయటపెట్టాయి. ఈ తిరగరాతే ముఖ్యం. అలసిన మనిషి పడుకుని లేస్తే కోలుకుంటాడు. ఈ కణాలు అలా కోలుకోవు. వైరస్‌ను తీసేసినా డీఎన్‌ఏ చుట్టూ ఏర్పడ్డ గుర్తుల్లో కొన్ని అలాగే ఉండిపోతాయి. అందువల్ల అలసట అనే మాట వాడుకలో స్థిరపడినా కొంత తప్పుదారి పట్టిస్తుంది. ఇది వేరే రకం కణంగా మారిపోవడం.

అలసిన కణాలన్నీ ఒకే తీరుగా ఉండవని 2016లో తేలింది. ప్లీహంలోని లింఫ్ కణజాలంలో టీసీఎఫ్-1 ప్రొటీన్ ఉన్న ఒక చిన్న గుంపు మూలకణాల్లా నెమ్మదిగా విభజన చెందుతూ మిగతా గుంపుకు కణాలను అందిస్తుంటుంది. పీడీ-1ను అడ్డుకున్నప్పుడు లేచి పనిచేసేది ఈ గుంపే. విత్తనం గింజలు విడిగా దాచుకున్నట్టు శరీరం కొన్నిటిని పక్కన పెట్టుకుంటుంది.

ఈ మార్పు జంతువుకు నష్టమేనా? పీడీ-1కు జోడు ప్రొటీన్ లేని ఎలుకలకు క్లోన్ 13 ఎక్కిస్తే అవి వైరస్‌ను జయించలేదు, చనిపోయాయి. కళ్లెం లేని టి కణాలు సొంత కణజాలాన్నే ధ్వంసం చేశాయి. వైరస్‌ను తొలగించడం సాధ్యం కానప్పుడు పోరు తగ్గించి జంతువును బతికించే ఏర్పాటు ఇది. దీన్ని ఓటమిగా రాసే పుస్తకాలు సగం కథే చెబుతున్నాయి.

సహాయక టి కణాలు. సీడీ4 కణాల సాయం లేకపోతే సీడీ8 కణాల క్షీణత మరీ తీవ్రమవుతుంది. దీర్ఘకాలిక సంక్రమణలో సీడీ4 కణాలు యుద్ధానికి తోడ్పడే రూపం నుంచి బి కణాలకు తోడ్పడే రూపానికి మొగ్గుతాయి. పోరు తీవ్రతను తగ్గించే ఇంటర్‌ల్యూకిన్-10 పెరుగుతుంది. ఎలుకల్లో దాన్ని అడ్డుకుంటే వైరస్ తొందరగా తొలగిందని 2006లో రెండు బృందాలు వేర్వేరుగా చూపాయి.

బి కణాలు. రక్తంలో యాంటీబాడీలు మొత్తంగా విపరీతంగా పెరుగుతాయి. అందులో వైరస్‌ను నిర్వీర్యం చేసేవి మాత్రం ఆలస్యంగా, తక్కువగా వస్తాయి. గురిలేని ఆ యాంటీబాడీలు వైరస్‌తో కలిసి మూత్రపిండాల్లో, కీళ్లలో చేరి వాపు తెస్తాయి.

సహజ రక్షణ కణాలు. కొన్ని వైరస్‌లకు ఇవే ఇల్లు. మేకల్లో కీళ్లవాపు, మెదడువాపు తెచ్చే లెంటివైరస్ రక్తంలోని మోనోసైట్‌లో నిశ్శబ్దంగా ప్రయాణిస్తుంది. ఆ మోనోసైట్ కీలులోకో పొదుగులోకో చేరి మాక్రోఫేజ్‌గా ఎదిగినప్పుడే వైరస్ పుట్టడం మొదలవుతుంది. కాపలావాడి చొక్కా తొడుక్కుని లోపలికి వచ్చినట్టు. ఇంటర్‌ఫెరాన్ సంగతి మరీ చిక్కు. వైరస్ సోకిన మొదటి గంటల్లో అది ప్రాణరక్షకం. నెలల తరబడి ఆగకుండా వెలువడితే అదే వ్యవస్థను అణచివేస్తుంది.

పశువుల్లో

బీవీడీ వైరస్. దీన్ని పశువుల విరేచన వైరస్ అంటారు. పేరు చూసి పొరపడకూడదు, విరేచనాలు దీని పనిలో చిన్న భాగం. చూడి ఆవుకు సుమారు 40 నుంచి 120 రోజుల మధ్య ఇది సోకితే కడుపులోని దూడ టి కణాలు అప్పుడే తమ–పరాయి భేదం నేర్చుకుంటూ ఉంటాయి. వైరస్‌ను తమదిగా నేర్చుకుంటాయి. ఈనిన దూడలో ఆ వైరస్‌పై యాంటీబాడీలు ఉండవు. బతికినంత కాలం చొంగలో, ముక్కు స్రావంలో, పేడలో, మూత్రంలో వైరస్‌ను వదులుతుంటుంది. బర్నెట్, ఫెన్నర్ చెప్పిన సహనం ఎలుకల కంటే ఈ దూడలోనే నిక్కచ్చిగా కనిపిస్తుంది. దాని న్యూట్రోఫిల్‌లు, లింఫోసైట్‌లు కూడా సరిగ్గా పనిచేయవు. వైరస్ ప్రొటీన్ ఒకటి ఇంటర్‌ఫెరాన్ తయారీకి తాళం తీసే అణువును కణంలోనే కరిగించేస్తుంది. ఒంట్లోని వైరస్ ఏదో ఒకనాడు కణాలను చంపే రకంగా మారితే దూడ మ్యూకోసల్ వ్యాధితో చనిపోతుంది. ఈ వైరస్ రకాలు భారతదేశంలో ఆవుల్లోనూ గొర్రెలు మేకల్లోనూ నమోదయ్యాయి.

గాలికుంటు వ్యాధి. నోట్లో, గిట్టల సందుల్లో బొబ్బలతో వచ్చి వారాల్లో తగ్గే ఈ జబ్బు తర్వాత కొన్ని పశువుల గొంతు వెనుక భాగంలో, మెత్తని అంగిలి పైపొర కణాల్లో వైరస్ ఉండిపోతుంది. 28 రోజుల తర్వాత కూడా వైరస్ దొరికితే ఆ పశువును వాహకం అంటారు. ఆవుల్లో ఇది మూడున్నరేళ్ల దాకా, ఆఫ్రికా అడవి దున్నల్లో ఐదేళ్ల దాకా ఉండగలదు. గొర్రెలు, మేకల్లో నెలలు మాత్రమే. పందులు వాహకాలు కావు. కోలుకున్న పశువుల గొంతులో వైరస్ ఉండిపోతుందని 1959లో నెదర్లాండ్స్‌లో వాన్ బెక్కుమ్ బృందం మొదట చూపింది.

పరీక్ష తీరు చూడదగ్గది. పొడవాటి కడ్డీ చివర చిన్న లోహపు గిన్నె ఉన్న ప్రోబాంగ్ అనే పరికరాన్ని పశువు నోట్లోంచి గొంతులోకి దించి, లోపలి పొరను గీకుతూ వెనక్కు లాగుతారు. గిన్నెలో వచ్చిన చెంచాడు జిగురులో రక్తపు చార ఉంటుంది, పైపొర కణాలు ఉంటాయి, వైరస్ ఉంటే ఆ కణాల్లోనే. అదే పశువు రక్తంలో వైరస్ కనిపించదు, యాంటీబాడీలు దండిగా ఉంటాయి. రక్షణ వ్యవస్థ మొత్తంగా గెలిచి ఒక మూలన మాత్రం ఓడిన స్థితి ఇది. ఆ మూల కణజాలంలో సంహారక టి కణాల స్పందన మందగించడం, కణాల ఆత్మవినాశనం తగ్గడం గమనించారు. వాహక ఆవు పక్క పశువుకు జబ్బు అంటించడం ప్రయోగాల్లో రుజువు కాలేదు, ఆఫ్రికా దున్నల విషయంలో రుజువైంది. టీకా వేసిన పశువు కూడా జబ్బు లేకుండానే వాహకం కావచ్చు.

ఐబీఆర్. ఈ జబ్బు తెచ్చే ఆవుల హెర్పిస్ వైరస్-1 ముక్కులో, జననాంగాల్లో పుండ్లు చేసి ఆపై త్రిధార నాడి ముడిలో నిద్రపోతుంది. దూర ప్రయాణం, ఈత, స్టెరాయిడ్ మందులు దాన్ని లేపుతాయి. లేచినప్పుడు సోకిన కణం తన పైపొర మీద వైరస్ ముక్కలను టి కణాలకు చూపకుండా వైరస్ ప్రొటీన్ ఒకటి అడ్డుపడుతుంది. ఆ కొద్ది రోజుల్లో ఊపిరితిత్తుల్లోకి మాన్‌హీమియా బాక్టీరియా దూరి న్యుమోనియా తెస్తుంది. పశువు చనిపోయేది చాలాసార్లు ఆ బాక్టీరియా వల్ల. వైరస్ జననాంగాలకూ సోకుతుంది కాబట్టి కృత్రిమ గర్భధారణకు వీర్యం తీసే ఆబోతులకు ఐబీఆర్ పరీక్ష చేస్తారు.

బోవైన్ ల్యూకోసిస్. ఈ రెట్రోవైరస్ బి కణాల డీఎన్‌ఏలోకే చేరిపోతుంది. సోకిన పశువుల్లో చాలావాటికి జీవితాంతం ఏమీ కాదు. సుమారు మూడో వంతు పశువుల్లో లింఫోసైట్‌లు శాశ్వతంగా పెరుగుతాయి, కొద్ది శాతానికి గడ్డలు వస్తాయి. జపాన్‌లోని హొక్కైడో విశ్వవిద్యాలయ బృందం ఈ పశువుల టి కణాల మీద పీడీ-1, లాగ్-3, టిమ్-3 పెరగడాన్ని చూపింది. ఎలుకల్లో కనిపించిన అలసట ఆవుల కొట్టంలోనూ ఉందని అలా తేలింది.

కోళ్లలో

1907లో హంగేరీలో యోజెఫ్ మారెక్ కాళ్లు పడిపోయిన నాలుగు పుంజులను వర్ణించాడు. ఆ జబ్బుకు ఆయన పేరే స్థిరపడింది. దానికి కారణం హెర్పిస్ వైరస్ అని 1967లో తెలిసింది. తెలుగు రాష్ట్రాల్లో గోదావరి జిల్లాల నుంచి హైదరాబాద్ చుట్టుపక్కల దాకా, తమిళనాడులో నామక్కల్‌లో లక్షల కోళ్ల పెంపకం సాగుతున్నందున ఈ వైరస్ మన ప్రాంతానికి చాలా దగ్గరి విషయం.

వైరస్ కోడి కణాలను వాడుకునే తీరు మెట్టు మెట్టుగా సాగుతుంది. ధూళితో పాటు పీల్చిన వైరస్‌ను ఊపిరితిత్తుల్లోని మాక్రోఫేజ్‌లు పట్టుకుని ప్లీహానికి మోసుకెళ్తాయి. మొదట బి కణాల్లో పెరిగి వాటిని చంపుతుంది. ఆ పోరుకు పిలుపు అందుకుని వచ్చిన సీడీ4 టి కణాల్లోకి మారుతుంది. వారం తిరిగేసరికి వాటిలో గుప్తంగా స్థిరపడుతుంది. రక్షణకు వచ్చినవారినే ఇల్లుగా చేసుకుంటుంది. తర్వాత మెక్ అనే వైరస్ జన్యువు కొన్ని టి కణాలను అదుపు లేకుండా విభజింపజేసి నరాల్లో, కాలేయంలో, అండాశయంలో గడ్డలు కట్టిస్తుంది. గడ్డ రాని కోడిలో కూడా రోగనిరోధకశక్తి తగ్గి ఇతర జబ్బులు, ఇతర టీకాల వైఫల్యం మొదలవుతాయి.

వైరస్ బయటపడేది ఈకల మొదళ్ల నుంచి. ఒక ఈక పీకి మొదలు చూస్తే మెత్తని పొట్టు ఉంటుంది. అక్కడి పైపొర కణాల్లో మాత్రమే పూర్తి రూపంలోని వైరస్ తయారై, పొట్టుతో పాటు రాలి, షెడ్డు ధూళిలో నెలల పాటు బతుకుతుంది. షెడ్డు తలుపు తెరిస్తే ఎండలో తేలే ఆ దుమ్మే ఈ వ్యాధికి బండి.

టర్కీ కోళ్ల హెర్పిస్ వైరస్‌తో చేసిన టీకా 1970 ప్రాంతంలో వచ్చింది. క్యాన్సర్‌ను ఆపిన తొలి టీకాల్లో అదొకటి. ద్రవ నైట్రోజన్‌లో భద్రపరిచిన టీకా రకాలను కరిగించి హేచరీలోనే ఒక్క రోజు పిల్లకు మెడ చర్మం కింద వేస్తారు. గడ్డను ఆపుతుంది కానీ వైరస్ సోకడాన్ని, ఈకల నుంచి రాలడాన్ని ఆపదు. ఇలాంటి టీకా వేసిన మందల్లో మరింత ఉగ్రమైన రకాలు కూడా చలామణీ కాగలవని 2015లో ఆండ్రూ రీడ్ బృందం ప్రయోగంతో చూపింది. టీకా మానాలని దీని అర్థం కాదు. టీకాతో పాటు షెడ్డు శుభ్రతను వదలకూడదని అర్థం.

కుక్కలు, పిల్లులు

పిల్లుల ఎయిడ్స్ వైరస్‌ను 1986లో కాలిఫోర్నియాలో వేరుచేశారు. అది ఏళ్ల మీద సీడీ4 కణాలను తగ్గిస్తుంది. కుక్కల డిస్టెంపర్ వైరస్ లింఫోసైట్‌ల మీది స్లామ్ గ్రాహకం ద్వారా ప్రవేశించి తెల్లకణాలను హఠాత్తుగా పడగొడుతుంది. కోలుకున్న కొన్ని కుక్కల మెదడులో మాత్రం అలాగే ఉండిపోతుంది.

జబ్బు పడని ఆతిథేయులు

పశ్చిమ ఆఫ్రికా సూటీ మాంగబే కోతుల రక్తంలో ఎస్‌ఐవీ వైరస్ ఎప్పుడూ అధికంగానే ఉంటుంది, ఎయిడ్స్ మాత్రం రాదు. సోకిన మొదటి వారాల్లో వచ్చిన ఇంటర్‌ఫెరాన్ కెరటాన్ని అవి త్వరగా అణచుకుంటాయి. అదే వైరస్ ఆసియా రీసస్ కోతుల్లో ఆరని మంట రేపి చంపుతుంది. గబ్బిలాల్లోనూ వైరస్ డీఎన్‌ఏను పసిగట్టే వ్యవస్థలోని స్టింగ్ అనే ప్రొటీన్ మందకొడిగా పనిచేస్తుందని 2018లో తేలింది.

తిష్ఠవేసిన వైరస్ ఎప్పుడూ రక్షణను తగ్గిస్తుందనడం కూడా సరికాదు. గుప్త హెర్పిస్ వైరస్ ఉన్న ఎలుకల మాక్రోఫేజ్‌లు నిత్యం కొంత మేలుకుని ఉండి లిస్టీరియా, ప్లేగు బాక్టీరియాల నుంచి కాపాడాయని 2007లో వెల్లడైంది. పెంపుడు జంతువుల దుకాణం ఎలుకలతో కలిపి పెంచితే ప్రయోగశాల ఎలుకల టి కణాలు పెద్ద మనిషి టి కణాల్లా మారతాయని 2016లో మినెసోటా విశ్వవిద్యాలయ బృందం చూపింది. శుభ్రమైన బోనులో కనిపెట్టిన సూత్రాలను వీధి ఆవుకో వీధి కుక్కకో అన్వయించేటప్పుడు ఈ తేడాను గుర్తుంచుకోవాలి.

మనుషులతో సంబంధం

జంతువుల్లో నేర్చుకున్నది మనుషుల్లో హెచ్‌ఐవీ, హెపటైటిస్-బి, హెపటైటిస్-సి వ్యాధుల అవగాహనకు ఆధారమైంది. భారతదేశంలో హెచ్‌ఐవీ మొదట బయటపడింది చెన్నైలోనే. 1986లో మద్రాసు వైద్య కళాశాలలో సునీతి సాల్మన్ మార్గదర్శకత్వంలో సెల్లప్పన్ నిర్మల సేకరించిన రక్త నమూనాలను వేలూరులో పరీక్షించినప్పుడు తెలిసింది. హెచ్‌ఐవీని గుర్తించే టి కణాల మీద కూడా పీడీ-1 పెరుగుతుందని 2006లో, ఎలుకల ఫలితం వచ్చిన ఏడాదే, నిర్ధారణ అయింది.

గుర్తింపు, నియంత్రణ

వాహక పశువును గుర్తించడానికి యాంటీబాడీ పరీక్ష ఒక్కటే చాలదు. బీవీడీ దూడలో యాంటీబాడీలే ఉండవు కాబట్టి చెవి అంచు నుంచి చిన్న ముక్క కత్తిరించి వైరస్ ప్రొటీన్ కోసం చూస్తారు. గాలికుంటులో టీకా వల్ల వచ్చిన యాంటీబాడీలను, నిజంగా సోకడం వల్ల వచ్చిన వాటిని వేరుచేయాలి. టీకాలో ఉండని నిర్మాణేతర ప్రొటీన్లపై యాంటీబాడీలు ఉంటే పశువుకు వైరస్ సోకిందని తెలుస్తుంది. ఐబీఆర్‌లో యాంటీబాడీ ఉన్న ప్రతి పశువునూ గుప్త వాహకంగానే లెక్కిస్తారు.

స్వీడన్ 1993లో మొదలుపెట్టి, టీకా వాడకుండా, వాహక దూడలను వెతికి తీసేయడం ద్వారానే బీవీడీని వదిలించుకుంది. మన దేశంలో ఆ దారి తేలిక కాదు. పేటలో ఒకటి రెండు పశువులే ఆధారమైన కుటుంబానికి ఆరోగ్యంగా కనిపించే దూడను వదులుకోమని చెప్పాలంటే పరిహారమూ, ఓపికగా వివరించే మనిషీ రెండూ కావాలి. 2019 సెప్టెంబరులో మొదలైన జాతీయ కార్యక్రమం గాలికుంటుకు పశువులన్నిటికీ టీకా వేయాలన్న లక్ష్యం పెట్టుకుంది. హైదరాబాద్‌లో 1982లో ఏర్పడిన ఇండియన్ ఇమ్యునోలాజికల్స్ ఈ టీకా ఉత్పత్తిదారుల్లో ఒకటి. దేశంలో ఇప్పుడు తిరుగుతున్న ఓ, ఏ, ఏషియా-1 రకాల వైరస్‌లు ఆ టీకాలో ఉంటాయి.

చికిత్స వైపు హొక్కైడో బృందం ఒక అడుగు వేసింది. ల్యూకోసిస్ వైరస్ ఉన్న దూడకు, పీడీ-1కు సంకేతం ఇచ్చే జోడు ప్రొటీన్‌ను కప్పేసే యాంటీబాడీ ఎక్కిస్తే టి కణాలు చురుకై వైరస్ భారం తగ్గింది. 2017లో ప్రచురితమైన ఫలితమిది. ఈ యాంటీబాడీలకయ్యే ఖర్చును బట్టి ప్రస్తుతానికి ఇది సందులో కట్టేసిన పాడి ఆవుకు అందే వైద్యం కాదు. వాటి విషయంలో ఇప్పుడు చేయగలిగింది టీకా వేళ తప్పకుండా వేయించడం, కొత్తగా కొన్న పశువును కొన్ని వారాలు వేరుగా ఉంచడం, చూడి పశువును సంతలకు తోలకపోవడం, బక్కచిక్కిన దూడ కనిపిస్తే కడుపులో పురుగులని సరిపెట్టుకోకుండా చెవి పరీక్షకు పంపడం.

ఇవి కూడా చూడండి: గాలికుంటు వ్యాధి, మారెక్స్ వ్యాధి, ఐబీఆర్, టి కణం, ఇంటర్‌ఫెరాన్, లెంటివైరస్‌లు, మద్రాసు పశువైద్య కళాశాల.